జలచికిత్స - అంగమర్దనము



మన సీమలో జలచికిత్సను గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. కర్నూలు, కడప ప్రాంతములలో ఏడాదికి కురియు వాన సుమారు 600 మొదలు 700 మిల్లీమీటర్లు. అదియు ఒక యేడు కురియును, ఒక యేడు మొగము చాటువేయును. బిందెడు నీటికై వేసవిలో వరుసగట్టి నిలుచువారితో "తొట్టి నిండ నీరు నింపి యందులో కూర్చుండుడు" అని చెప్పినచో వారు నవ్వక మానరు. నేనును మొదట ఈ విషయము వలదంటిని. కాని ఆలోచించి చూడగా, కండరములకు మేలు చేయుటకు వలసిన నీరు మనము భయపడునంత కాదు. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. నీరు గాని, నూనె గాని ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు తాకరాదో అది తెలియవలెను. ఆ సంగతి చెప్పుటకే వచ్చితిని.

నేను వైద్యుడను కాను, బడిపంతులను. తండ్రిగారి యొద్ద సంస్కృతము చదువుకొంటిని గావున ఆయుర్వేద గ్రంథములు కొన్ని చూచితిని. అంతకుమించి ఈ విషయమున నాకు గల అధికార మొక్కటే: నా తమ్ముని కుడికాలు.

అది 1966వ సంవత్సరము. మా యూరు జమ్మలమడుగు ప్రాంతమున పెన్నయొడ్డున నున్నది. నాకు ఎనిమిదవ యేడు, తమ్మునికి మూడు. వేసవి కడపట వానికి జ్వరము తగిలెను. రెండు దినములు కాగిపోయెను. మూడవనాటి యుదయమున అమ్మ వానిని మంచము దింపి నిలువబెట్టగా, కుడికాలు నేలమీద నానక జారిపోయెను. వాడు కూలబడి అమ్మ మొగము చూచెను. ఏడ్వలేదు. ఏడ్పు తరువాత వచ్చెను.

ఊరిలో పసిపిల్లలకు నీళ్ళుపోసి కాళ్ళు చేతులు రుద్దు నొక ముదుసలిని పిలిపించిరి. మంచి చేయి గల మనిషియని పేరు. ఆమె కాలు పట్టి చూచి, "ఏం గాదు సామీ, వాతం తగిలింది. నాలుగు దినాలు గట్టిగా రుద్దితే నరం దారికొస్తాది" అనెను. ఆముదము కాచి, వేడివేడిగా, ఉదయము సాయంకాలము రుద్దిరి. ఒళ్ళు ఇంకను కాలుచునే యున్నది. ప్రక్క యూరినుండి వచ్చిన యొకరు జ్వరము తగ్గుటకని అదే తొడకు సూది వేసిరి. నేను అరుగుమీద కూర్చుండి వాని కేకలు వినుచుంటిని. నాలుగు దినములలో జ్వరము పోయెను. కాలు రాలేదు.

ఇక్కడ చెప్పవలసిన మాట యొకటి. నవజ్వరమున స్నానము, అభ్యంగము, వ్యాయామము, ఈ మూడును విడువవలెనని చరకుడు జ్వరచికిత్సలో స్పష్టముగా చెప్పియున్నాడు. తరుణజ్వరము గలవానికిని, అజీర్ణము గలవానికిని ఒంటికి నూనె రాయనే రాదని సుశ్రుతుడు చెప్పెను. మా తండ్రిగారు ఈ శ్లోకములు శిష్యులకు పాఠము చెప్పినవారు. ఆ నాలుగు దినములును ఆయన గుమ్మములో నిలిచి చూచుచుండెను గాని వలదనలేదు. ఆ తరువాత ఇరువది యేండ్లకు, ఒకే యొక్కసారి, నాతో ఆ మాట యెత్తెను. "శ్లోకము నోటనే యుండెను నాయనా, ఇంటి నిండ పెద్దలుండిరి" అనెను. మరల ఆ ప్రస్తావన తేలేదు.

తమ్మునికి వచ్చినది పోలియో. కంటికి కనబడని విషక్రిమి యొకటి కడుపులో ప్రవేశించి, కొందరిలో వెన్నుపామును చేరి, అచట కండరములకు ఆజ్ఞలు పంపు కణములను చంపును. కణము చచ్చిన పిమ్మట దాని యధీనములోని కండరమునకు ఆజ్ఞ రాదు. ఆజ్ఞ లేని కండరము ఎండును. ఆ జ్వర దినములలో శరీరమును శ్రమపెట్టినను, కండరమునకు సూది వేసినను పక్షవాతము హెచ్చుట కలదని తరువాతి వైద్యులు గుర్తించిరి. నొప్పితో బిగిసియున్న కండరమును బలముగా రుద్దిన బిగువు పెరుగునే గాని తగ్గదు. ఆనాడు రుద్దకున్నచో కాలు దక్కెడిదా యని నన్నడిగిన నేనేమి చెప్పగలను? కొంత క్రిమి తినెను. కొంత మనము తింటిమేమో. ఆ వాటాలు పంచుటకు ఎవరి వలనను గాదు.

ఆ వ్యాధి మన దేశములో సహజముగా వచ్చిన కడపటి రోగి 2011 జనవరిలో కనబడెను. 2014 మార్చి 27న మన ప్రాంతమంతయు దానినుండి విముక్తి పొందినట్లు ధ్రువీకరింపబడెను. చుక్కలమందు చేసిన మేలది. చంటిపిల్లలకు ఆ మందు నేటికిని మానరాదు. మరి పోయిన రోగము కథ యెందులకు? ఆనాటి పొరపాటు పోలేదు గనుక. అది ఇపుడు మరియొక యింట జరుగుచున్నది.

రెండేండ్ల క్రిందట మా వీధిలో ఒక రైతు తెల్లవారుజామున లేవబోయి కుడిప్రక్కకు ఒరిగెను. మూతి వంకరపోయెను, మాట ముద్దయ్యెను. పక్షవాతమని అందరును గ్రహించిరి. గ్రహించి యేమి చేసిరి? ఒకరు పావురమునకై పోయిరి. దాని వెచ్చని రక్తము పూసి రుద్దిన పక్షవాతము దిగునని మన వైపున నమ్మిక కలదు. మరియొకరు నూనె కాచిరి. నేను వేరొక యూరిలో నుంటిని. మధ్యాహ్నమునకు వచ్చి చూడగా కాలికి చేతికి రక్తము పూసియున్నది, నలుగురు పట్టి రుద్దుచున్నారు. 108 బండిని పిలిపించి పెద్దాసుపత్రి చేర్చుసరికి సూర్యుడు వాలెను.

పక్షవాతము చేతిలో పుట్టదు, కాలిలో పుట్టదు, తలలో పుట్టును. మెదడునకు పోవు నాళములో రక్తము గడ్డకట్టుటచేతనో, నాళము చిట్లుటచేతనో అది వచ్చును. గడ్డ యైనచో దానిని కరగించు మందు కలదు. కాని అది మొదటి నాలుగున్నర గంటలలోపల ఎక్కింపవలెను. ఎంత త్వరగా ఎక్కించిన నంత మేలు. గడ్డయో, రక్తస్రావమో తలకు చిత్రము తీసినగాని ఎవరికిని తెలియదు. చేయి చూచి చెప్పుదు ననువాని మాట వినరాదు. మూతి ఒక ప్రక్కకు వంగినను, రెండు చేతులును చాపుమనగా ఒకటి క్రిందికి జారినను, మాట తడబడినను, అది యెన్ని గంటలకు మొదలైనదో గుర్తుంచుకొని వెంటనే బండి యెక్కింపుడు. ఆ గంటలలో చేసిన మర్దనము కంటె హానికర మైనది లేదు. నూనె చేయు కీడు అల్పమే. అది తినివేయు కాలమే గొప్పది.

ఊరిలో ఏ యింట నేమి జరిగినను మొదట మీవంటి పెద్దలనే యడుగుదురు. అందుచేతనే దీనిని ఇంతగా చెప్పితిని. ఇక నీటి సంగతికి వత్తును.

తమ్మునికి ఏడవ యేడు వచ్చువరకు వాడు నేలమీద జరుగుచు, గోడ పట్టుకొని ఒంటికాలిపై కుంటుచు తిరిగెను. మా మేనమామకు ఊరిబయట ఒక దిగుడుబావి యుండెను. సీమలో ఈత నేర్చినవారందరును అట్టి బావులలో నేర్చినవారే. మామ వాని నడుమునకు ఎండిన సొరబుర్రలు రెండు కట్టి, మెట్ల ప్రక్కన నీటిలో దింపెను. "నీళ్ళల్లో కుంటోడు ల్యాడు, గుడ్డోడు ల్యాడురా, తన్నుకో" అనెను. అది శాస్త్రము తెలిసి అన్న మాట గాదు. కాని నేను మెట్టుమీద కూర్చుండి చూచితిని: నేలపై ఒక్క యంగుళమును కదలని ఆ కుడితొడ నీటిలో ముందునకు వచ్చెను, వెనుకకు పోయెను.

ఇందులో మాయ లేదు. నీట మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికయగునని పూర్వము గ్రీకు దేశపు ఆర్కిమిడీసు కనిపెట్టెను. బావిలో నీటిలోనున్నంతసేపు నిండుబిందె తేలికగా వచ్చి, నీటిని దాటగానే తాడు చేతిని కోయుట మన ఆడువారందరికి తెలిసినదే. మనిషి నడుములోతు నీటిలో నిలిచినపుడు కాళ్ళపై బడు బరువు సుమారు సగమగును. రొమ్ములోతున మూడవ వంతు. మెడలోతున పదియవ వంతు మాత్రమే. అనగా 60 కిలోల మనిషి మెడలోతు నీటిలో నడచినపుడు వాని కాళ్ళు మోయునది ఆరు కిలోలు. కండరములో నూటికి పదిపాళ్ళ సత్తువ మిగిలినను అది యచట పనిచేసి చూపగలదు. పనిచేసిన కండరము కొంత బలియును. బలిసినది మరికొంత పనిచేయును.

రెండవ గుణము మరింత చిత్రమైనది. నీరు అడ్డగించును, కాని మెల్లగా కదలించిన వానిని మెల్లగాను, వేగముగా కదలించిన వానిని గట్టిగాను అడ్డగించును. ఇనుపగుండు ఎత్తువాడు అలసిపోయినను గుండు తన బరువు తగ్గించుకొనదు. నీరట్లు గాదు. రోగి యెంత నెట్టిన నంతయే యెదురు నెట్టును, వాడు ఆగిన తానును ఆగును. ఇంత మర్యాద గల సాధనసామగ్రి వేరొకటి నేనెరుగను.

మూడవది వెచ్చదనము. వేడిమిచే రక్తనాళములు విప్పారును, బిగిసిన కండరము సడలును, నొప్పి తగ్గును. చలివలన దీనికి విరుద్ధము. పోలియో తగిలిన కాలు సహజముగనే చల్లబడును గావున మామ వానిని ఎండవేళ తప్ప దింపెడివాడు కాడు. పెదవులు నల్లబడగానే పైకి తీసెడివాడు. నేటి ఆసుపత్రులలో కండరచికిత్స కొరకు కట్టిన కోనేళ్ళలో నీటిని 33 మొదలు 35 డిగ్రీల సెంటీగ్రేడు వరకు గోరువెచ్చగా నుంచుదురు.

తమ్ముడు ఆ బావిలో ఎనిమిది వేసవులు ఈదెను. కాలు బాగయ్యెనా? పూర్తిగా బాగుకాలేదు. మోకాలి క్రింది కండరము నేటికిని నా మణికట్టువలె నుండును. ఆజ్ఞ లేనిదానికి నీరు ఆజ్ఞ తెచ్చిపెట్టదు. కాని తొడలో, తుంటిలో, నడుములో మిగిలిన సత్తువ అంతయు బావి వెలికితీసెను. మడమ బిగిసికొని పోలేదు. పదునాలుగవ యేట చేతికఱ్ఱతో రెండు మైళ్ళు నడచి బడికి వచ్చెను. ఆ తరువాత ప్రొద్దుటూరులో ఒక దుకాణమున లెక్కలు వ్రాయు గుమాస్తాగా నలుబది యేండ్లు జీవించెను.

పాశ్చాత్యదేశములందు ఇందుకు పెద్ద దృష్టాంతము కలదు. అమెరికా దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 1921లో, తన 39వ యేట, ఆ జ్వరముచే రెండు కాళ్ళును పోగొట్టుకొనెను. జార్జియా రాష్ట్రమున వార్మ్ స్ప్రింగ్సు అనుచోట ఊట నీరు సుమారు 31 డిగ్రీల వెచ్చదనముతో నుండునని విని 1924లో అచటికి పోయెను. నీటిలో నిలువగలిగెను, నడువగలిగెను. 1926లో ఆ స్థలమునే కొని తనవంటివారికి చికిత్సాలయము చేసెను. గట్టుపై మాత్రము ఆయన ఇనుప కట్లు లేక ఎన్నడును నిలువలేదు. జలచికిత్సను పొగడువారు ఈ కథలో మొదటి సగము చెప్పి రెండవ సగము విడుచుదురు. రెండును చెప్పవలెను.

ఆస్ట్రేలియా దేశపు ఎలిజబెత్ కెన్నీ యను పరిచారిక కథ మనకు మరింత దగ్గర. ఆమె పనిచేసినది క్వీన్సులాండులోని పల్లెపట్టు. 1911లో జ్వరముతో బిగిసిన పిల్లల కాళ్ళను చూచి, ఉన్నిగుడ్డను మరిగిన నీటిలో ముంచి, గట్టిగా పిండి, ఒంటికి చుట్టెను. చల్లారగానే మరల చుట్టెను. బిగువు విడిచిన తరువాత కాలిని తానే మెల్లగా కదలించి, పిదప పిల్లవానినే కదలింపుమనెను. అప్పటి పెద్ద వైద్యులు చచ్చుబడిన కాలిని కదలకుండ బద్దలుకట్టి నెలల తరబడి యుంచెడివారు. ఆమెను పరిహసించిరి. 1940లో ఆమె అమెరికాకు పోయి తన పద్ధతి చూపగా, పలువురు తమ బద్దలు విప్పిరి. రోగకారణమును గూర్చి ఆమె చెప్పిన వాదమంతయు నిలువలేదు, చేతిపని నిలిచెను. నాకీ కథలో నచ్చునది యేమనగా, ఆమె వాడినది ఒక కుండెడు నీరు, ఒక ఉన్నిగుడ్డ. మన కురుబల గొంగడి ముక్క దానికి చాలును.

మన తెలుగువారును ఈ విషయమున వెనుకబడలేదు. జర్మనీ దేశపు లూయీ కూనే వ్రాసిన జలచికిత్సా గ్రంథమును ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మగారు 1894లోనే తెనిగించిరి. భారతదేశమున ప్రకృతిచికిత్స వ్యాపించుటకు ఆ తెనుగు పుస్తకము నాంది యని చెప్పుదురు. కూనే సర్వరోగములకును మూలమొక్కటే యనెను, అది నేనొప్పను. సర్వరోగనివారిణి యను పేరు విన్నప్పుడెల్ల నా చేయి సంచిని గట్టిగా పట్టుకొనును. అయినను తొట్టిస్నానము, తడిగుడ్డ చుట్టుట ఇంటింట చేయదగినవని ఆయన జనులకు నేర్పెను, అది మేలే.

మన వైపున నీటిచికిత్సకు దేవుడిచ్చిన చోటు మహానంది. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల యడుగున, ఎండాకాలమునను ఇంకని ఊట. అడుగున పడిన పైస కనబడునంత తేట. భూగర్భమునుండి వచ్చునది గనుక ఏడాది పొడుగునను దాని వెచ్చదనము పెద్దగా మారదు. మారునది మన ఒళ్ళు. కావున చలికాలమున వెచ్చగాను, ఎండకాలమున చల్లగాను తోచును. మోకాళ్ళ నొప్పులు గల ముసలివారు అందులో దిగి "ఒళ్ళు దూదిపింజ అయింది" అందురు. నిజమే, బరువు తగ్గినది గదా. కాని మూడు మునుగులు మునిగి, నాలుగవ నిమిషమున గట్టెక్కి, ప్రసాదము కొఱకు పరుగెత్తిన పుణ్యము వచ్చును గాని మోకాలికి సత్తువ రాదు. రొమ్ములోతున నిలిచి, పదిహేను నిమిషములు ముందునకు, వెనుకకు, ప్రక్కకు నడువవలెను. మోకాలు రొమ్మువరకు ఎత్తి దింపవలెను. రద్దీ లేని దినమున పోయినవారికే అది సాధ్యము.

అందరికిని మహానంది దూరమే. మామ బావి నేడు లేదు. చుట్టును గొట్టపుబావులు వేయగా ఊట తప్పెను, మెట్లు కూలెను, ఇపుడది చెత్తకుండి. ఇట్టి బావులు ఎన్ని పోయినవో మీ యూరిలోనే లెక్కింపుడు. కావున ఇంటిలో కొద్ది నీటితో జరుగునది చెప్పెదను.

పైన చెప్పిన రైతు ఆసుపత్రినుండి వచ్చిన తరువాత కుడిచేయి మూసుకొని యుండెను, వ్రేళ్ళు విప్పుకొనవు. వైద్యుని యనుమతి తీసికొని, ఆసుపత్రిలో కదలికలు నేర్పువారు చూపిన విధముననే ఇంటివారు చేసిరి. ఒక బకెట్టులో మోచేతివరకు మునుగు గోరువెచ్చని నీరు. అందులో చేయి పది నిమిషములుంచి, ఎడమచేతితో కుడి వ్రేళ్ళు ఒకటొకటిగా విప్పుట. తరువాత నీటిలోనే ఒక పాతగుడ్డను పిడికిట పట్టి పిండుటకు యత్నించుట. మొదటి నెల గుడ్డనుండి చుక్క రాలలేదు. ఇంటివారు ఎడమచేతికే అన్నీ అందించుచుండిరి, అది మాన్పించితిని. ఆ నీటినే పిదప పశువుల తొట్టిలో పోసెడివారు. చుక్కయు వృథా కాలేదు. ఎనిమిది నెలలకు ఆయన సంగటిముద్దను కుడిచేత త్రుంచి పులుసులో అద్దుకొనెను. పంచె మాత్రము నేటికిని కొడుకు కట్టవలెను. మొదటిదినమున ఆ ఆరు గంటలు దక్కియున్నచో పంచెయు తానే కట్టుకొనెడివాడేమో.

మోకాలికి, నడుమునకు కాపడము చాలును. వావిలాకు వేసి కాచిన నీటిలో ముతకగుడ్డ ముంచి, పిండి, పొడిగుడ్డ పైన చుట్టి, పదిహేను నిమిషము లుంచుడు. మన బాలింతలకు వావిలాకు నీళ్ళు పోయుట ఎరిగినదే. నీరు బొత్తిగా లేనిచోట దోరగా వేచిన ఇసుకనో, రాళ్ళయుప్పునో గుడ్డలో మూటగట్టి కాపవచ్చును. వెచ్చదనము నీటిసొత్తు గాదు. అయితే కాపడము పెట్టి ముసుగుదన్ని పడుకొనుట సగము పని. కండరము సడలిన ఆ పావుగంటలోనే దానిని కదలింపవలెను. మంచముపై కూర్చుండి మోకాలు చాచి పది అంకెలు లెక్కించి దింపుట, ఇట్లు పదిమార్లు. వేడి, నూనె తలుపు తీయును; లోనికి నడువవలసినది రోగియే.

ఇక మర్దనము. బండి యిరుసునకు కందెన రాచినట్లును, తోలునకు నూనె పట్టించినట్లును శరీరమునకు అభ్యంగమని చరకుని యుపమానము. సేద్యగానికి చెప్పనక్కరలేని యుపమానము. కాని కందెన రాచినంతమాత్రమున బండి నడువదు, ఎద్దులు లాగవలెను. మన పాత తాలింఖానాలలో వస్తాదులు సాము చేసిన పిదప ఒండొరులకు ఒళ్ళు పట్టెడివారు. దండీలు, బస్కీలు తీయక నూనె మాత్రము పట్టించుకొని బలిసిన వస్తాదును నేను చూడలేదు. మర్దనముచే నొప్పి తగ్గును, బిగువు సడలును, నిద్ర పట్టును, చర్మము మృదువగును. కీలు కొంచెము ఎక్కువ వంగును. అలసిన కండరములో పేరుకొన్న ఆమ్లము మర్దనముచే పోవునని యొకప్పుడు చెప్పెడివారు; అది విశ్రాంతిచేతనే గంటలోపల తొలగునని తరువాత తేలినది. కండరమును బలిపించుట మర్దనము వలన గాదు.

ఏ నూనె యని యడుగుదురు. నువ్వులనూనె మంచిది, చలికాలమున ఆముదము కలుపుకొనవచ్చును. ముప్పది మూలికలు వేసిన తైలమునకు సీసా యొకటికి వేయి రూపాయలిచ్చి, దానిని చిన్నగిన్నెలో దాచి పొదుపుగా రుద్దుటకంటె, గానుగనూనె ధారాళముగా వాడుట మేలని నా యభిప్రాయము. చేయి జారుటకే నూనె. పాదమునుండి తొడవైపునకు, చేతివ్రేళ్ళనుండి భుజమువైపునకు, రోగి మొగము చూచుచు రుద్దవలెను. మొగము ముడుచుకొనిన బలము తగ్గించుడు. "నొప్పి పుట్టితేనే నరం పలుకుతాది" అను మాట మా యింట విన్నదే. దానికి మేము చెల్లించిన వెల చెప్పితిని.

తాకరాని చోట్లును కలవు. ఒక పిక్క యకస్మాత్తుగా వాచి, ఎఱ్ఱబడి, వేడిగా నున్నచో లోపల రక్తపుగడ్డ యుండవచ్చును. రుద్దిన అది కదలి ఊపిరితిత్తులలో చేరి ప్రాణము తీయును. మధుమేహము ముదిరి పాదములకు స్పర్శ లేనివారికి వేడినీరు కాలిన సంగతియే తెలియదు. అట్టివారికి నీటిని ఇంటివారు మోచేత చూచి పోయవలెను. పక్షవాతము వచ్చినవారిని చచ్చుబడిన చేయి పట్టి లేవదీయరాదు, భుజపుకీలు జారును. పడి దెబ్బతిన్నచోట ఎముక విరిగినదో లేదో తెలియక రుద్దరాదు. గుండెజబ్బు గలవారు మెడలోతు నీటిలో దిగుటకు ముందు వైద్యు నడుగవలెను. పసిబిడ్డలకు మృదువుగా నూనె రాచుట మేలే. నెలలు నిండక పుట్టిన బిడ్డలు అందుచే బరువు పెరుగుటలో బాగుపడుట వైద్యులును చూచిరి. కాని ముక్కులో, చెవులలో నూనె పోయుట, తల పిసుకుట కూడదు. మన అవ్వలు చేసినవన్నియు తప్పుగావు, అన్నియు ఒప్పుగావు.

పోలియో తగిలి బ్రదికినవారు ముసలితనమున మరల బలహీనపడుట కలదు. నలుబది, ఏబది యేండ్లు రెట్టింపు పనిచేసిన కండరములు అలసిపోవును. మా తమ్మునికి మూడేండ్లనుండి ఎడమకాలును తడబడుచున్నది. వాడు పట్టుదల గలవాడు. సాధన రెట్టించెను, మరింత నీరసించెను. కొద్దికొద్దిగా, అలసటకు ముందే ఆపి, సాధ్యమైనచో నీటిలో చేయుమని వైద్యుడు చెప్పెను. అరువది దాటిన తరువాత వాడు మరల నీరు వెదకికొనవలసి వచ్చెను.

మొన్న మాఘమాసమున, జనము పలుచగానున్న ఒక దినమున, వానిని వెంటబెట్టుకొని మహానందికి పోతిని. గుడి వెలుపలి కోనేటి మెట్లమీద కఱ్ఱను నా చేతికిచ్చి, చేతులానించుకొని, ఒక్కొక్క మెట్టే కూర్చుండి దిగెను. రొమ్ములోతునకు పోయి నిలిచెను. ఈ గట్టునుండి ఆ గట్టునకు, ఆ గట్టునుండి ఈ గట్టునకు నడచెను. ప్రక్కనున్న యొక పెద్దమనిషి వానినే చూచుచు, "మీకు కాళ్ళ నొప్పులేమీ ఉన్నట్లు లేదే, ఏమి తైలము వాడుదురు?" అని యడిగెను. తమ్ముడు నవ్వి నావైపు చూచెను. పావుగంట కాగానే ఇంక చాలునంటిని. "ఇంగొక్కసారి పోయొస్తా అన్నా" అనెను. వాడు తిరిగివచ్చువరకు కఱ్ఱ పట్టుకొని మెట్టుమీదనే కూర్చుంటిని.